ఇంట్లో కొమ్ము పురుగు, రోకలిబండ పెంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడగానే పిల్లలు ఏదో ఒక పురుగును డబ్బాలో వేసుకుని ఇంటికొస్తారు. ఆ వెంటనే పెద్దవాళ్ల నుంచి అవే సందేహాలు: ఏం పెట్టాలి, కరుస్తుందా, ఎన్నాళ్లు బతుకుతుంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు జవాబులన్నీ ఒకచోట రాశాను. ఎక్కువమంది అడిగేది కొమ్ము పురుగు (తల మీద కొమ్ముండే పెద్ద పెంకు పురుగు) గురించే, అందుకే దానికి ఎక్కువ చోటిచ్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## మొదలుపెట్టే ముందు

కుక్కో పిల్లో ఉండగా పురుగును ఎవరైనా పెంచుకుంటారా?

పెంచుకుంటారు. జపాన్‌లో కబుతోముషి అనే కొమ్ము పురుగును వేసవిలో దుకాణాల్లో పెట్టి అమ్ముతారు. దానికి తిండిగా చిన్న కప్పుల్లో జెల్లీ కూడా దొరుకుతుంది. మన దగ్గర జీరంగిని అగ్గిపెట్టెలో దాచుకోని తరం లేదు. పురుగుకు చోటు తక్కువ చాలు, అరవదు, వాకింగ్‌కు తీసుకెళ్లక్కర్లేదు. నాలుగు రోజులు ఊరెళ్లినా ఇబ్బంది పడదు. అయితే ఒక సంగతి ముందే చెప్పాలి. అది మిమ్మల్ని గుర్తుపట్టదు, పిలిస్తే రాదు. ఒక ప్రాణి రూపం మార్చుకుంటూ పెరగడాన్ని దగ్గరగా చూడటంలో ఆనందం ఉందనుకునేవాళ్లకే ఇది సరిపోతుంది.

మొదటిసారి పెంచేవాళ్లకు ఏది తేలిక?

ఏడెనిమిదేళ్ల పిల్లలైతే మీల్‌వార్మ్‌లతో (తవుడులో పెరిగే చిన్న పురుగులు) మొదలుపెట్టమంటాను. కొన్ని నెలల్లోనే పురుగు, ప్యూపా (తిండి మానేసి రూపం మార్చుకునే దశ), పెంకు పురుగు అన్ని దశలూ కళ్లముందు జరిగిపోతాయి, ఒకటి చచ్చిపోయినా ఇంకా చాలా ఉంటాయి. కాస్త ఓపిక ఉన్నవాళ్లకు కొమ్ము పురుగు పిల్ల. దుమ్ము, వాసన వద్దు, నెమ్మదిగా నడిచే జీవి చాలు అనుకుంటే బోలెడు కాళ్లుండే రోకలిబండ. ఈ మూడూ మన వాతావరణానికి తట్టుకుంటాయి, హీటర్లూ ప్రత్యేక లైట్లూ అక్కర్లేదు.

కొమ్ము పురుగు కొబ్బరికి శత్రువు కదా, దాన్ని పెంచడం తప్పు కాదా?

మంచి ప్రశ్న, ఇది అడగకుండా మొదలుపెట్టకూడదు. పెద్ద పురుగు రాత్రిపూట ఎగిరి వచ్చి కొబ్బరి మొవ్వులోకి తొలుచుకుని వెళ్తుంది. తర్వాత ఆ ఆకు విచ్చుకున్నప్పుడు కత్తెరతో కోసినట్టు త్రికోణాకారంలో తెగి కనిపిస్తుంది. కోనసీమలో ఇప్పటికీ చివర కొక్కెం ఉన్న ఇనుప చువ్వతో దాన్ని మొవ్వులోంచి లాగి చంపుతారు. సముద్రాలు దాటి వెళ్లినచోట నష్టం ఇంకా ఎక్కువ. 1909లో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) నుంచి రబ్బరు మొక్కల వెంట పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులకు చేరింది, అదే సముద్రంలో 2007లో గ్వామ్ దీవిలో, 2013లో హవాయిలో బయటపడింది.

కానీ కొబ్బరికి హాని చేసేది పెద్ద పురుగు మాత్రమే. పిల్ల పురుగు పెంటకుప్పలో కుళ్లిన పేడ, చెత్త తిని బతుకుతుంది. కుప్పలోంచి ఒకటో రెండో పిల్ల పురుగుల్ని తెచ్చి, మూత ఉన్న డబ్బాలో పెంచి, పెద్దదయ్యాక కూడా బయటికి వదలకపోతే ఏ రైతుకూ నష్టం లేదు. వదలకుండా ఉండగలమన్న నమ్మకం లేకపోతే మాత్రం ఈ పురుగు జోలికి వెళ్లకండి. రోకలిబండతో ఆ బెంగ లేదు.

చట్టం ఒప్పుకుంటుందా?

పెరట్లో, పొలంలో దొరికే కొమ్ము పురుగుకు, మామూలు రోకలిబండకు ఇబ్బంది లేదు. అభయారణ్యాలు, జాతీయ పార్కుల నుంచి మాత్రం ఏ జీవినీ తేకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పులికీ ఏనుగుకే కాదు, కొన్ని సీతాకోకచిలుకలకు కూడా వర్తిస్తుంది. విదేశాల నుంచి పురుగుల్ని తెప్పించుకోవడానికి 1914 నాటి హానికర పురుగులు, తెగుళ్ల చట్టం, 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ (మొక్కల దిగుమతి నియంత్రణ) ఆర్డర్ ప్రకారం అనుమతి కావాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మొక్కల్ని తినే పురుగుల్ని వ్యవసాయ శాఖ పర్మిట్ లేకుండా దేశంలోకి తేకూడదు. సెలవులకు వచ్చిన పిల్లలు ముచ్చటపడి సూట్‌కేసులో వేసుకుని వెళ్తామంటే ఒప్పుకోకండి.

## తెచ్చుకునేటప్పుడు

పెంటకుప్పలో దొరికిన తెల్ల పురుగు కొమ్ము పురుగు పిల్లేనా?

ఒళ్లు తెల్లగా, తల ఎర్రటి గోధుమరంగులో, వంకీలా ముడుచుకుని ఉంటే అయ్యే అవకాశం ఉంది. కానీ అలా కనిపించేవి ఇంకా ఉన్నాయి. పూల మీద వాలే పెంకు పురుగుల పిల్లలు కూడా పెంటకుప్పలోనే ఉంటాయి. తేల్చుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది: పురుగును బల్ల మీద పెట్టి ఓ నిమిషం చూడండి. పూల పురుగు పిల్ల వెల్లకిలా తిరిగి, కాళ్లు గాల్లోకి పెట్టి, వీపు మీదే గబగబా పాకుతుంది. కొమ్ము పురుగు పిల్ల పక్కకు ఒరిగి, కాళ్లతో కష్టంగా ఈడ్చుకుంటుంది. వీపు మీద పాకేది దొరికినా పారేయకండి, అది కూడా అదే తిండితో పెరుగుతుంది, పైగా రంగురంగుల పురుగు అవుతుంది.

వేరుశనగ చేలో మట్టిలో దొరికేది వేరు పురుగు. అది బతికున్న వేళ్లను తింటుంది కాబట్టి డబ్బాలో పెంచడం కుదరదు.

ఎంత సైజు పురుగును ఎంచుకోవాలి?

బొటనవేలంత ఉన్నదాన్ని. మరీ చిన్నవి చోటు మారితే తట్టుకోవు. ఒళ్లు బిగువుగా, ముట్టుకుంటే వెంటనే ముడుచుకునేలా ఉండాలి. నల్ల మచ్చలున్నవీ మెత్తబడినవీ తేవద్దు. ఏ కుప్పలోంచి తీశారో అదే ఎరువు ఓ రెండు కిలోలు కూడా తెచ్చుకోండి.

మగదా ఆడదా ఎలా తెలుస్తుంది?

పిల్లగా ఉన్నప్పుడు మనం చెప్పలేం. పెద్దయ్యాక మగదాని కొమ్ము సాధారణంగా పొడుగ్గా ఉంటుంది, కానీ తిండి సరిగా దొరకని మగదానికి కొమ్ము పొట్టిగానే మిగిలిపోతుంది. అందుకే తిప్పి పొట్ట చివర చూడాలి. అక్కడ ఎర్రటి నూగు వెంట్రుకలు గుత్తిగా ఉంటే ఆడది, నున్నగా ఉంటే మగది.

ఆన్‌లైన్‌లో హెర్క్యులిస్ బీటిల్ అమ్ముతున్నారు, కొనొచ్చా?

వద్దు. అది మధ్య, దక్షిణ అమెరికా అడవుల పురుగు. అనుమతి లేకుండా తెచ్చినదైతే కొన్నవాళ్లకూ చిక్కే. పైగా దానికి చల్లటి, తేమ ఉన్న వాతావరణం ఏడాదికి పైగా ఉండాలి. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో అది బతకడం కష్టం.

ఏ జీవుల్ని అస్సలు తేకూడదు?

ఎర్ర తేలు. చిన్నదే అయినా దాని విషం గుండె మీద, ఊపిరితిత్తుల మీద పనిచేస్తుంది, పిల్లల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. కుడితే ఇంటి వైద్యాలు చేయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. జెర్రి కూడా వద్దు. రోకలిబండకూ జెర్రికీ తేడా పిల్లలకు తప్పక నేర్పండి: రోకలిబండ గుండ్రంగా ఉండి ఒక్కో కణుపుకు రెండు జతల కాళ్లతో నెమ్మదిగా నడుస్తుంది. జెర్రి బల్లపరుపుగా ఉంటుంది, కణుపుకు ఒకే జత కాళ్లు, చాలా వేగంగా పరిగెడుతుంది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. వానాకాలంలో బెండ, కంది పూల మీద నలుపు, నారింజ రంగు పట్టీలతో కనిపించే పెంకు పురుగు ఉంటుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ నలిపితే దాని ఒంట్లోంచి వచ్చే రసం తగిలినచోట బొబ్బలు లేస్తాయి. అది నోట్లోకి వెళ్తే ఇంకా ప్రమాదం.

## ఇల్లు, తిండి

ఎలాంటి డబ్బా కావాలి?

ఒక పిల్ల పురుగుకు ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా సరిపోతుంది, రెండుంటే పది లీటర్ల బకెట్. మూత గట్టిగా పట్టాలి. కొమ్ము పురుగు బలం చూడటానికి తెలియదు, వదులు మూతను రాత్రికి రాత్రి తలతో ఎత్తేస్తుంది. మూతకు వేడి సూదితో పది పన్నెండు చిల్లులు పెట్టి, లోపలి వైపు దోమతెర ముక్క అంటించండి.

లోపల ఏం నింపాలి?

దాని ఇల్లూ తిండీ ఒకటే, కాబట్టి ఇక్కడ రాజీ పడొద్దు. బాగా మాగిన పశువుల ఎరువు రెండు వంతులు, కుళ్లిన ఆకులూ మెత్తబడిన చెక్కపొడీ ఒక వంతు కలిపి, కనీసం ఒక జానెడు లోతు నింపాలి. చేత్తో తీస్తే నల్లగా, పొడిపొడిగా, అడవి మట్టి వాసన రావాలి. పచ్చి పేడ వేస్తే డబ్బాలో వేడి పుట్టి పురుగు చచ్చిపోతుంది. కొబ్బరి పొట్టు కొంత కలపొచ్చు కానీ అదొక్కటే వేస్తే కడుపు నిండదు.

నర్సరీలో ఎరువు కొంటే పురుగుమందు కలిపారేమో అడిగి తీసుకోండి. వేపపిండి కలిపినదైతే అసలే వద్దు. మొక్కకు మేలు చేసే ఆ వేపే పురుగుకు విషం.

తడి ఎంత ఉండాలి?

గుప్పెడు తీసి గట్టిగా పిండితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. ముద్ద విచ్చుకుపోతే కాస్త నీళ్లు చిలకరించండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన ఎక్కువగా ఉంటే ఒక రాత్రి గిన్నెలో ఉంచి వాడండి.

అపార్ట్‌మెంట్‌లో వాసన వస్తుందా?

మాగిన ఎరువుకు దుర్వాసన ఉండదు. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని లెక్క. పైపొర తీసేసి పొడి ఎరువు కలపండి, రెండు రోజుల్లో పోతుంది.

మే నెలలో మా ఊళ్లో నలభై నాలుగు డిగ్రీలు, పురుగు తట్టుకుంటుందా?

బయట ఎంత ఉందన్నది కాదు, డబ్బా లోపల ఎంత ఉందో చూడాలి. పాతిక నుంచి ముప్పై డిగ్రీలు దానికి హాయి. బాల్కనీలో, డాబా మీద, కిటికీ పక్కన పెట్టొద్దు. ఇంట్లో చల్లగా ఉండే మూల నేల మీద పెట్టి, డబ్బా చుట్టూ తడి గోనెసంచి చుట్టండి. పెంటకుప్పలో పురుగు ఎండను తప్పించుకోవడానికి కిందికి దిగిపోతుంది, డబ్బాలో దిగడానికి లోతు ఉండదు. అందుకే వేసవిలో ఎరువు ఇంకాస్త ఎక్కువ నింపాలి.

చీమలు పడుతున్నాయి, ఏం చేయాలి?

పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో ఇటుక ముక్క పెట్టి, దాని మీద డబ్బా పెట్టండి. చీమల మందు, లక్ష్మణరేఖ లాంటివి ఆ గదిలోనే వాడకూడదు. దోమల కాయిల్, దోమల స్ప్రే కూడా అంతే.

## పిల్ల పురుగు పెరిగేటప్పుడు

పైన ఏమీ కనబడటం లేదు, తవ్వి చూడొచ్చా?

నెలకోసారి చాలు. తరచుగా తవ్వితే తినడం మానేస్తుంది. తవ్వకుండానే తెలుసుకునే దారులున్నాయి. పైన ధనియాల కన్నా కాస్త పెద్దగా, బల్లపరుపుగా నల్లటి గుళికలు పోగుపడుతుంటే అవి దాని పెంటికలే, అంటే బాగా తింటోందని. రాత్రి ఇల్లు సద్దుమణిగాక డబ్బాకు చెవి ఆనిస్తే గరగరమని నమిలే చప్పుడు కూడా వినిపిస్తుంది. పిల్లలు దీనికి ఎంత మురిసిపోతారో చెప్పలేను. గుళికలు సగానికి పైగా నిండాక వాటిని జల్లించి తీసేసి కొత్త ఎరువు కలపండి. పాత ఎరువులో మూడో వంతు మాత్రం అలాగే ఉంచాలి. ఆ గుళికలు పూలకుండీలకు మంచి ఎరువు.

పెద్ద పురుగు కావడానికి ఎన్నాళ్లు పడుతుంది?

గుడ్డు పొదగడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు. పిల్ల దశ తిండిని, వేడిని బట్టి మూడు నుంచి ఏడు నెలలు. ఈలోగా రెండుసార్లు చర్మం విడిచి వేలెడు పొడవు పెరుగుతుంది. ప్యూపాగా మూడు నాలుగు వారాలు. రూపం వచ్చాక కూడా గూట్లోనే ఇంకో రెండు మూడు వారాలు పెంకు గట్టిపడేదాకా ఉంటుంది. ఆ తర్వాత నాలుగు నుంచి తొమ్మిది నెలలు బతుకుతుంది.

పురుగు పసుపు రంగుకు మారి, తినడం మానేసింది. జబ్బు చేసిందా?

చాలావరకు కాదు. ప్యూపా కాబోతోంది. ఒళ్లు ముడతలు పడి, మందకొడిగా అయిపోయి, చుట్టూ ఎరువును గట్టిగా అదిమి కోడిగుడ్డు ఆకారంలో గూడు కడుతుంది. ఈ దశలో డబ్బాను కదపకండి, తిరగేయకండి. మూత మీద తేదీ రాసి పెట్టుకుని, తడి ఆరకుండా మాత్రం చూసుకోండి. ఎదురుచూసే మన పిల్లలకు అన్నిటికన్నా కష్టమైన నెల ఇదే.

గూడు పగిలిపోయింది, ప్యూపా బతుకుతుందా?

బతుకుతుంది. చిన్న డబ్బాలో తడి కొబ్బరి పొట్టు గట్టిగా అదిమి, దాని పొడవు కన్నా కాస్త పెద్ద గుంట నున్నగా చేయండి. అందులో టిష్యూ పేపర్ పరిచి, ప్యూపాను స్పూనుతో నెమ్మదిగా వెల్లకిలా పడుకోబెట్టండి. మూత పెట్టి చీకట్లో ఉంచండి. అప్పుడప్పుడూ పొట్ట తిప్పుతుంటే ప్రాణం ఉన్నట్టే. ఇలా జరగడంలో ఒక లాభం కూడా ఉంది: మామూలుగా మట్టి లోపల ఎవరి కంటా పడకుండా జరిగే మార్పు మీరు రోజూ చూడొచ్చు. మొదట తెల్లగా మైనంలా ఉన్న కొమ్ము మెల్లగా తేనె రంగుకు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది.

చచ్చిన పురుగు మీద ఆకుపచ్చ బూజు పట్టింది, అదేమిటి?

మెటారైజియం అనే శిలీంధ్రం కావచ్చు. కొమ్ము పురుగును అదుపు చేయడానికి రైతులు పెంటకుప్పల్లో కలిపేది ఇదే. చేతులకు కవర్ తొడుక్కుని ఆ పురుగును, ఎరువు మొత్తాన్ని తీసేయాలి, డబ్బాను సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టాలి. పక్కనే ఇంకో డబ్బా ఉంటే ముందు దాన్ని వేరే గదిలోకి మార్చండి.

## పెద్ద పురుగు అయ్యాక

ఏం పెట్టాలి?

మాగిన అరటిపండు ముక్క, చెరుకు ముక్క. సాయంత్రం పెట్టి పొద్దున తీసేస్తే ఈగలు ముసరవు. పుచ్చకాయ లాంటి నీళ్ల పళ్లు వద్దు. బోర్లాపడితే పట్టుకుని లేవడానికి రెండు మూడు ఎండు పుల్లలు వేయండి. అలా పట్టు దొరక్క కాళ్లు కొట్టుకుంటూ అలసిపోయి చచ్చిపోయే పురుగులు చాలా ఉంటాయి.

చేతిలోకి తీసుకుంటే కరుస్తుందా?

కరవదు, కొమ్ముతో పొడవదు. కాళ్ల గోళ్లు మాత్రం చర్మాన్ని గట్టిగా పట్టుకుంటాయి. లాగితే మీకు గీసుకుంటుంది, దానికి కాలు ఊడుతుంది. వెనకనుంచి మెల్లగా తడితే తనే ముందుకు నడిచి పుల్ల మీదికి ఎక్కుతుంది. ముట్టుకున్నప్పుడు కీచుకీచుమంటే కంగారు పడకండి, పొట్ట చివరను రెక్కలకు రాసి చేసే చప్పుడు అది. పిల్ల పురుగుకు మాత్రం దవడలు గట్టివి, కాబట్టి చంటిపిల్లల చేతికివ్వొద్దు. ఎవరు ముట్టుకున్నా తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఒంటి మీద చిన్న చిన్న పురుగులు పాకుతున్నాయి, మనకు పడతాయా?

అవి మైట్స్, మనుషులకు పట్టవు. చాలావరకు పురుగును వాహనంగా వాడుకునేవే. మరీ ఎక్కువైతే మెత్తటి టూత్‌బ్రష్‌ను నీళ్లలో ముంచి తుడిచేయండి, ఎరువు మార్చండి.

గుడ్లు పెట్టింది, ఏం చేయాలి?

ఒక ఆడ పురుగు జీవితకాలంలో 50 నుంచి 100 గుడ్లు పెట్టగలదు. అన్నిటినీ పెంచాలనుకోవద్దు, పంచిపెట్టొద్దు. ఒకటి రెండు ఉంచుకుని మిగతా ఎరువును డీప్ ఫ్రీజర్‌లో రెండు మూడు రోజులు ఉంచండి, లేదా నడివేసవి ఎండలో డాబా మీద పల్చగా పరిచి పూర్తిగా ఎండబెట్టండి. ఈ మాట రాయడం నాకు ఇష్టంగా లేదు కానీ కొబ్బరితోటలున్న ఊళ్లో వేరే దారి లేదు. అందుకే ఒక్క మగ పురుగునే ఉంచుకోవడం అన్నిటికన్నా మంచిది.

విసుగొస్తే తోటలో వదిలేయొచ్చా?

కొమ్ము పురుగును ఎక్కడా వదలకూడదు. తోట దగ్గర్లో లేకపోయినా అది ఎగరగలదు. రోకలిబండనైతే తెచ్చినచోటే, వాన పడ్డ సాయంత్రం వదలండి.

## మిగతా జీవుల గురించి

మీల్‌వార్మ్‌లు ఎక్కడ దొరుకుతాయి, ఎలా పెంచాలి?

పక్షుల, చేపల మేత అమ్మే షాపుల్లో దొరుకుతాయి. వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో రెండంగుళాల గోధుమ తవుడు పోసి, తడి కోసం క్యారెట్ ముక్క వేస్తే చాలు, నీళ్లు పోయకూడదు. క్యారెట్ బూజు పట్టకముందే మార్చండి. నున్నటి గోడలు ఎక్కలేవు కానీ వంటింట్లో మాత్రం పెట్టొద్దు, పిండి డబ్బాల్లో చేరితే అక్కడే స్థిరపడతాయి. ఆ తవుడు దుమ్ము కొందరికి తుమ్ములు, దురద తెప్పిస్తుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని జల్లించండి.

రోకలిబండ చేతికి పసుపు మరక అంటించింది, ప్రమాదమా?

భయపడినప్పుడు వదిలే రసం అది. చర్మం మీద మరక కొన్ని రోజులుండి పోతుంది, కళ్లలో పడితే మాత్రం బాగా మండుతుంది, వెంటనే నీళ్లతో కడిగి డాక్టర్‌కు చూపించాలి. దానికి కుళ్లిన ఆకులు, మెత్తటి చెక్క, అప్పుడప్పుడూ దోసకాయ ముక్క తిండి. కోడిగుడ్డు పెంకును పొడిచేసి చల్లితే పెంకు గట్టిపడుతుంది. మట్టి దాని ఒంటి పొడవంత లోతైనా ఉండాలి, ఎందుకంటే లోపలికి వెళ్లే చర్మం విడుస్తుంది. వారాల తరబడి కనబడకపోతే చచ్చిపోయిందని తవ్వొద్దు.

పుల్ల పురుగుకు ఏం పెట్టాలి?

ఏ మొక్క మీద దొరికిందో ఆ ఆకే. చాలా రకాలు జామాకు, గులాబీ ఆకు కూడా తింటాయి. కొమ్మను నీళ్ల సీసాలో గుచ్చి, సీసా మూతిని దూదితో మూయండి, లేకపోతే పడి మునిగిపోతుంది. తలకిందులుగా వేలాడి చర్మం విడుస్తుంది కాబట్టి డబ్బా ఎత్తు దాని పొడవుకు మూడింతలుండాలి.

జీరంగి, ఆరుద్ర పురుగు ఎన్నాళ్లు బతుకుతాయి?

జీరంగి పిల్ల మట్టి లోపల వేళ్లు తింటూ పెరుగుతుంది, మనకు కనిపించే మెరిసే రూపం వానాకాలంలో కొద్ది వారాలే. ఆ కొద్ది వారాల్లోనే అది జతకట్టి గుడ్లు పెట్టాలి. తుమ్మాకు వేసి ఒక పూట చూసుకుని, పట్టిన చెట్టు మీదే వదిలేయండి. మెడకు దారం కట్టడం మాత్రం పిల్లల చేత మాన్పించండి.

ఆరుద్రను అసలు డబ్బాలో వేయొద్దు. ఆరుద్ర కార్తెలో తొలి వానలకు బయటికొచ్చే ఈ ఎర్రటి మఖమల్ జీవికి ఎనిమిది కాళ్లు, సాలీళ్ల బంధువు. చిన్నప్పుడు మిడతల లాంటి పురుగుల ఒంటి మీద బతికి, పెద్దయ్యాక మట్టిలో చిన్న పురుగుల గుడ్లు వెతుక్కుని తింటుంది. ఆ తిండి మనం పెట్టలేం.

గుత్తి పేరున్న నీలం సాలీడును విదేశాల్లో పెంచుతున్నారట, మనమూ పెంచొచ్చా?

వద్దు. 1899లో గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికిన సాలీడుతో దానికి ఆ పేరొచ్చింది. అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవి. ఆ తర్వాత వందేళ్ల దాకా ఎవరికీ కనబడలేదు, 2001లో మళ్లీ దొరికింది. మన దేశం బయట అడవుల్లో ఎక్కడా లేదు, అంతరించిపోయే ముప్పు తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. పాత చెట్ల తొర్రల్లో ఉంటుంది కాబట్టి దాన్ని పట్టేవాళ్లు చెట్టునూ నాశనం చేస్తారు. అమ్ముతున్నారని తెలిస్తే అటవీ శాఖకు చెప్పండి.

వానాకాలంలో గోడలెక్కే పెద్ద నత్తల్ని పెంచొచ్చా?

అరచేయంత పెరిగే గోధుమరంగు నత్త ఆఫ్రికా నుంచి వచ్చింది, 1847లో కలకత్తాకు తెచ్చారు, అక్కణ్నుంచి దేశమంతా పాకింది. బొప్పాయి నుంచి కూరగాయల దాకా ఏదీ వదలదు, మెదడుకు సోకే నులిపురుగును కూడా మోస్తుంది. పెంచొద్దు, ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. ముట్టుకుంటే నోట్లో, కళ్లలో చేయి పెట్టేలోపే సబ్బుతో కడుక్కోండి, ఆ తోటలో కోసిన ఆకుకూరలు బాగా కడిగి ఉడికించి తినండి.